కెమెరాకు అడ్డం పడ్డ నా మొహం

నా మొహం మరీ అంత చెడ్డదేమీ కాదు. పెళ్ళిచూపుల్లో ఒకసారి గట్టెక్కింది. ఆధార్ కార్డులో కూడా పోలికలు కనిపెట్టొచ్చు. అలాంటి మొహం ఒక నాలుగు రోడ్ల కూడలిని అల్లకల్లోలం చేసి, ఒక స్కూటరును ఇనపసామాన్ల కొట్టుకు పంపి, నిక్షేపంలాంటి మనిషి పరువును నడిరోడ్డు మీద కూర్చోబెట్టిందంటే మీరు నమ్మరు. నమ్మాలి. ఎందుకంటే ఆ సంగతి మీద మా బజార్లో ఇప్పటికీ రకరకాల కథలు తిరుగుతున్నాయి. మస్తానయ్య మాస్టారు ఎర్ర లైటు దాటాడని కొందరంటారు. కెమెరాకు గాలి సోకిందని కొందరంటారు. పెంచలయ్య మహా తెలివిగా సాక్ష్యం పట్టించాడని ఇంకొందరంటారు. ఈ చివరి కథ వినడానికి బాగుంటుంది గనక నేను కొన్నాళ్ళు కాదనకుండా తలొంచుకుని చిరునవ్వు నవ్వుతూ తిరిగాను. అది కూడా అబద్ధమే. ఉన్నది ఉన్నట్టు ఇప్పుడు చెబుతాను. నన్ను చూసి ఎంతయినా నవ్వుకోండి, మాస్టారు మీద మాత్రం మాట పడనివ్వకండి.

ఆ పెంచలయ్యను నేనే. నెల్లూరు నుంచి ముత్తుకూరు పోయే దారిలో మా ఊరు. ఊరి మొగదలలో నాది రొయ్యల మేత దుకాణం. దుకాణం గడపలో నిలబడి కేకేస్తే వినిపించేంత దూరంలో కూడలి. పోర్టుకు పోయే లారీలు, ఐసు బండ్లు, ఆటోలు, బడి పిల్లకాయల సైకిళ్ళు అన్నీ అక్కడే ఒకదాన్నొకటి తోసుకునేవి. ముందు సిగ్నలు పెట్టారు. సిగ్నలును ఎవరూ లెక్కచేయకపోయేసరికి కెమెరా పెట్టారు. ఎర్ర లైటు దాటితే చాలు, వెనక నుంచి ఫోటో తీసి, చలానాతో సహా బండి యజమాని ఫోనుకు పంపించేస్తుంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. నా బండికి యజమాని నేను కాను. జాతకంలో వాహనయోగం మా ఆవిడ రమణమ్మకు ఉందని, బండి ఆమె పేరున కొన్నాం. అందుకని నేను ఒకనాడు ఎర్ర లైటు దాటితే ఆ ఫోటో నేరుగా ఆమె ఫోనుకే పోయింది.

"ఏందయ్యా ఇది?" అంది, సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే.

"సిగ్నలు ఫోటో. వాళ్ళకేం పనిలేదు, మనకు కట్టక తప్పదు."

"సిగ్నలు సంగతి తర్వాత. హ్యాండిలుకు వేలాడేది ఏంది?"

ఆమె రెండు వేళ్ళతో ఫోటోను సాగదీసింది. అది సాగింది. ఇంకా సాగదీసింది. పాడు కెమెరా, అంత దూరం నుంచి తీసినా మిఠాయి డబ్బా మీద అక్షరాలు కూడా వదిలిపెట్టలేదు. మలై కాజాలు. నాకు షుగరు. డాక్టరు తీపి మానేయమని చెప్పిన రోజే నేను రమణమ్మ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టి ఉన్నాను.

"అది... కొత్త మేత శాంపిలు" అన్నాను.

"రొయ్యలు మలై కాజాలు తింటాయా?"

"కొత్త రకం రొయ్యలు మే."

ఆ రాత్రి నాకు రాగి సంకటి, కాకరకాయ. మర్నాడు కాకరకాయ. ఆ మర్నాడు కాకరకాయ అయిపోయిందని కాకర ఆకు. నా కడుపు మండింది. మండిన కడుపుకు ఒక సిద్ధాంతం దొరికితే ఇక మనిషిని పట్టుకోవడం కష్టం. నాకు దొరికింది: కెమెరాలు మనుషుల ప్రాణాలు కాపాడటానికి కాదు, జేబులు కోయడానికి! టీ కొట్టు బల్ల మీద కూర్చుని రోజూ ఇదే ఉపన్యాసం. ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికి ఒకామె. ఆగలేక సిగ్నలు ఓడన్నాను నేను.

నా ఉపన్యాసానికి అడ్డు తగిలే మనిషి ఒక్కడే. మా తోడల్లుడు మస్తానయ్య, రమణమ్మ వాళ్ళ అక్క కామాక్షమ్మ భర్త. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా విజిలు ఉంటుంది. నడివేసవి మధ్యాహ్నం, రోడ్డు మీద కుక్క కూడా లేనప్పుడు, ఎర్ర లైటు పడితే స్కూటరు ఆపి, ఒక కాలు కిందపెట్టి, పరేడ్‌లో నిలబడ్డట్టు నిటారుగా కూర్చునే మనిషి. భోజనాల గదిలో ఎర్ర బల్బు పెడితే ముద్ద నోటి దగ్గర ఆపేస్తాడని మా వదినే చెబుతుంది.

తోడల్లుళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. అత్తగారింట్లో చేపల పులుసు వండితే నడుం ముక్క పెద్దల్లుడికి, తోక ముక్క నాకు. ఇన్నేళ్ళుగా తోకలు తిన్నవాడు పెద్దల్లుడితో ఏ విషయంలోనైనా ఒప్పుకుంటాడా?

"ఇది రక్షణ గాదన్నా, వసూలు! కూడలి మధ్యలో హుండీ పెట్టినారు" అన్నాను ఒకనాడు.

"హుండీ అయితే ఏంది? ఎర్ర లైటు దాటినోడే మొక్కు తీర్చుకుంటాడు. ఆగినోణ్ణి పైసా అడగదు గదా" అన్నాడు మాస్టారు, టీ ఊదుకుంటూ.

"పసుపు లైటు చూసినావా నువ్వు? తుమ్ము వచ్చి తుమ్మేలోపల ఎర్రబడిపోతాది. జనం పడాలనే అంత తక్కువ పెట్టినారు."

మాస్టారు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అది నిజమే. నేనూ గమనించినా. అర్జీ రాయి, పసుపు లైటు పెంచమని. నేనూ సంతకం పెడతా."

"అర్జీలు ఎవురు చూస్తారన్నా?"

"అర్జీ చూడరని బాధ, కెమెరా చూస్తాదని బాధ. నీకు చూసినా కష్టమే, చూడకపోయినా కష్టమే పెంచలయ్యా."

టీ కొట్టంతా ఘొల్లున నవ్వింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట దగ్గరే నేను ఆగిపోవాల్సింది. పసుపు లైటు గురించి నేనన్నది నిజం. కాకపోతే ఆ నిజాన్ని నేను మలై కాజా డబ్బా మీద మూతలాగా వాడుకున్నాను. అర్జీ రాస్తే లైటు బాగుపడుతుంది గానీ కెమెరా గుడ్డిదవదు. నాకు కావలసింది దాని కన్ను మూతపడటం.

కన్ను ఎలా మూయాలి? రాయి వేస్తే కేసు. రంగు పూస్తే కేసు. ఆలోచిస్తూ రోడ్డు వంక చూస్తుంటే ఎదురుగా ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. పుట్టినరోజు పోయి వర్షాకాలం వచ్చింది, వర్షాకాలం పోయి ఎండలొచ్చాయి, ఫ్లెక్సీ మాత్రం అలాగే చేతులు జోడించి నవ్వుతోంది. నా బుర్రలో దీపం వెలిగింది. అయ్యా, మా వైపు రోడ్డునైనా తవ్వేస్తారు గానీ ఫ్లెక్సీని ముట్టుకోరు. అది ఎవరి మనిషిదో, వెనక ఎవరున్నారో తెలియకుండా తాడు విప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఫ్లెక్సీలు వేసే శీను దగ్గరికి పోయాను.

"ఎవురిదన్నా పుట్టినరోజు?"

"నాదే."

"ఎప్పుడు?"

నాకూ సరిగ్గా తెలియదు. "ఫ్లెక్సీ ఎప్పుడు కడితే అప్పుడే" అన్నాను.

శీను అరిటిపండు వలిచినంత సులువుగా నన్ను నాయకుణ్ణి చేసేశాడు. వాడి నల్ల కళ్ళద్దాలు నాకు పెట్టాడు. ఒక ఫోటోలో ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో గంభీరంగా మాట్లాడుతున్నాను. ఆ ఫోనులో చార్జింగు లేదు. నడిమధ్యలో నా మొహం, కల్లం మీద ఆరబోసిన వడ్లంత విశాలంగా, చేతులు జోడించి, ముప్పై రెండు పళ్ళూ కనిపించేలా. పైన 'వాహనదారుల హక్కుల పోరాట వీరుడు, మన పెంచలయ్యన్నకు జన్మదిన శుభాకాంక్షలు'. కింద 'ఇట్లు, అభిమానులు'.

"అభిమానుల బొమ్మలు ఏవన్నా?"

అభిమానుల్లేని నాయకుడు పాకం పట్టని కాజా. టీ కొట్టు మిత్రులిద్దరు ఒప్పుకున్నారు. ఇంకా ఒక గుండ్రం ఖాళీగా మిగిలింది.

"బోడిగా ఉండాదన్నా. ఎవురో ఒకరు పెద్దమనిషి కావాల" అన్నాడు శీను.

అప్పుడు నా లోపల ఇన్నేళ్ళ తోక ముక్కలన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఫోనులో ఉన్న పెళ్ళి ఫోటోలోంచి మా మస్తానయ్య తల కత్తిరించి ఇచ్చాను. 'మస్తానయ్య మాస్టారు, అభిమాని' అని పేరు కూడా వేయించాను. చూస్తాడేమోనన్న భయం లేదు. ఆయన ఆ కూడలిలో లైటు తప్ప ఇంకేదీ చూడడు. నిజంగానే చూడలేదు కూడా. రోజూ తన బొమ్మ కిందనే స్కూటరు ఆపుకుని నిటారుగా కూర్చున్నాడు, పాపం.

కట్టేటప్పుడు శీనుకూ నాకూ నిచ్చెన దగ్గర గొడవ జరిగింది. కెమెరా మన వెనక నుంచి తీస్తుందని చెప్పాను గదా. బండి నంబరూ ఎదుటి ఎర్ర లైటూ ఒకే ఫోటోలో పడాలని దాన్ని పోర్టు రోడ్డులో, లైటుకు బాగా ఇవతల ఒక స్తంభం మీద పెట్టారు. ఆ స్తంభానికీ పక్క స్తంభానికీ మధ్య, కెమెరా కంటికి మూరెడు ఎదురుగా నా మొహాన్ని బిగించాం. బిగించాక శీను జేబులోంచి కత్తి తీశాడు.

"ఏం చేస్తా ఉండావురా?"

"గాలికి కోతలు పెట్టాలన్నా. సముద్రపు గాలి సంగతి తెలుసు గదా, మధ్యాహ్నం తిరిగిందంటే ఫ్లెక్సీ తెరచాపే. కోతలు లేకపోతే నువ్వు పోయి నెల్లూరులో తేల్తావు."

"మొహం మీద కత్తి పెడితే ఊరుకోను."

"ఉండేదంతా మొహమే గదన్నా! యాడ కోసినా నీ మొహమే. కంట్లో కొయ్యమంటావా?"

అంటూనే నా పెదవుల వెంబడి అర్ధచంద్రాకారంలో సర్రున కోసేశాడు.

"నోరు కోసినావేందిరా సన్నాసీ!"

"మూసుకునే ఉంటాదిలే. నీ మాదిరి గాదు, గాలి వస్తేనే తెరుచుకుంటాది."

ఈ నోటి కోత సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

రెండో రోజు ఒక కానిస్టేబులు వచ్చి ఫ్లెక్సీని కింద నుంచి మీదికి చదివాడు. టీ కొట్టు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవురీయన?"

"పెంచలయ్యన్న సార్" అన్నాడు టీ కొట్టాయన.

"ఎవురి తాలూకు?"

"అందరూ తెలుసు సార్ ఆయనకు." అబద్ధం కాదు. టీ కొట్టుకొచ్చే అందరూ నాకు తెలుసు.

కానిస్టేబులు ఇంకోసారి నా నల్ల కళ్ళద్దాల వంక చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నా వైభవం ఏమని చెప్పను! చలానాలు బంద్. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందట. నేను పిల్లికంటే తెలివైనవాణ్ణి, ఎదుటివాడి కన్ను మూసి కాజాలు తిన్నాను. నాలుగు రోజుల్లో ఊరంతటికీ తెలిసిపోయింది. ఎర్ర లైటు పడితే ఆటోవాళ్ళు నా ఫ్లెక్సీకి ఒక దణ్ణం పెట్టి, హారను కొట్టి, దూసుకుపోయేవాళ్ళు. "పెంచలయ్యన్న చల్లని నీడ!" అని అరిచేవాళ్ళు. దుకాణం గడపలో నిలబడి ఆ దణ్ణాలు నేను స్వీకరించాను. ఎర్ర లైటు దగ్గర ఆగేది ఇక ఒకే ఒక్క మనిషి. ఆయన్ని చూసి జనం నవ్వుతుంటే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నేనూ నవ్వాను.

ఒక మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగింది. ఎండకు మాడిన ఊరు అమ్మయ్య అనుకుంది. నేను దుకాణంలో మేత బస్తాకు ఆనుకుని, కాజా నోట్లో పెట్టుకుని, పాకం గొంతులో దిగేవేళకు కళ్ళు మూశాను.

ధడేల్!

పరిగెత్తాను. కూడలి మధ్యలో, పోర్టు రోడ్డున వచ్చిన తెల్ల కారు ఒకటి. దాని ముందు చక్రం కింద, అడ్డరోడ్డులోంచి వచ్చిన మాస్టారి స్కూటరు, చపాతీలా. మాస్టారు రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు ఎక్కడో పడిపోయింది. కుడి చెయ్యి వేలాడుతోంది. ఎడమ చేత్తో విజిలు తీసి నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదే ఊపిరి లేదు.

"అన్నా! అన్నా, బాగుండావా?"

"పెంచలయ్యా, నాకు పచ్చ లైటు" అన్నాడు. చెయ్యి విరిగిన మనిషి చెప్పిన మొదటి మాట అది.

కారాయన దిగీ దిగగానే గొంతెత్తాడు. "ఎర్ర లైట్లో అడ్డమొచ్చేసినాడు! ముసలాయన గదాని ఊరుకుంటామా? అందరూ చూసినారు గదా?"

చూడనివాళ్ళంతా తలలూపారు. గొంతు పెద్దదైతే సాక్షులు వాళ్ళంతట వాళ్ళే పుట్టుకొస్తారు.

మాస్టారు తొణకలేదు. "ఎవురూ చెప్పబళ్ళేదు. నా సాక్షి పైన ఉండాడు" అన్నాడు.

జనం దేవుణ్ణి అంటున్నాడనుకుని చేతులు జోడించారు. నాకు తెలుసు, ఆయన అన్నది కెమెరాను. నేను తల పైకెత్తి చూశాను. పైన ఉన్నది కెమెరా కాదు. నేను. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను.

నోట్లో కాజా చేదెక్కిపోయింది. కాకర ఆకు అంతకంటే నయం.

మాస్టారి చేతికి నెల్లూరులో కట్టు కట్టించాం. చెయ్యి అతుక్కుంటుందన్నారు. అంతవరకు బతికిపోయాం. కానీ కారాయన మాస్టారిదే తప్పని ఫిర్యాదు ఇచ్చేశాడు. తేలేదాకా బడికి రావద్దని హెడ్మాస్టరు కబురుపెట్టాడు. ఏడాదేడాదీ ఆ బళ్ళో పిల్లకాయలకు రోడ్డు ఎలా దాటాలో నేర్పేది ఈయనే. రాజీకి మనుషులొచ్చారు.

"పొరపాటున దాటినానని ఒక్క మాట అనేయండి మాస్టారూ. కేసూ ఉండదు, గొడవా ఉండదు."

"చెయ్యి ఇంకొకటి ఉండాది, అదీ విరగ్గొట్టండి. ఆ మాట అనను" అన్నాడు మాస్టారు. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం గోడ వైపు తిరిగి పడుకుని, "అనకపోయినా అందరూ అనుకుంటా ఉండారు. పిల్లకాయల ముందర ఇంక ఏ మొహంతో విజిలు ఊదేది?" అన్నాడు.

మొహం అన్న మాట వినగానే నేను నా మొహం తడుముకున్నాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడంటే అర్థం ఉంది, వాడికి కనీసం గుమ్మడికాయ దక్కింది.

ఆ సాయంత్రమే ఫ్లెక్సీ పీకేద్దామని నిచ్చెన వేసుకుని పోయాను. కొలతలు తీస్తున్న కానిస్టేబులు గదమాయించాడు. "కేసు తేలేదాకా ఏదీ ముట్టుకోబాకండి. ఎక్కడివి అక్కడే ఉండాల." మొదటిసారి ఆ ఫ్లెక్సీకి నిజంగానే రక్షణ దొరికింది.

కెమెరా మీద మాత్రం మాస్టారికి ధీమా పోలేదు. కెమెరా వీడియో చూపించమని కాగితం పెట్టాడు. స్టేషను నుంచి పిలుపొచ్చింది.

"ఆయనకు చెయ్యి బాగలేదు, నువ్వు తోడు పోయిరా" అంది రమణమ్మ.

"నాకు పన్ను నొప్పి."

"పంటితో నడుస్తావా ఏంది? పో."

పన్ను నొప్పి అన్న మాటే నాకు దారి చూపించింది. మెడ మీది తువ్వాలు తీసి గడ్డం నుంచి నెత్తి దాకా, ముక్కు కూడా కప్పేసేలా బిగించి కట్టాను. అద్దంలో చూసుకుంటే కళ్ళు మాత్రమే కనిపించాయి. కళ్ళకు ఫ్లెక్సీలో నల్లద్దాలున్నాయి గనక భయం లేదనుకున్నాను. తాను కట్టిన ఫ్లెక్సీలో తానే పడతాడని సామెత ఎవరూ ముందే చెప్పి పెట్టలేదు మరి.

వీడియోలు చూసే గదిలో ఎస్సై, కంప్యూటరు ముందు ఒక మహిళా కానిస్టేబులు, ఒక పక్క కారాయన, ఇంకో పక్క మేం. మొహానికి ఆ కట్టేందని ఎస్సై అడిగితే పన్ను నొప్పన్నాను.

"ఆ మధ్యాహ్నానిది పెట్టమ్మా" అన్నాడు ఎస్సై.

ఆమె పెట్టింది. గోడంత తెర నిండా నేను.

ఎస్సై ఉలిక్కిపడ్డాడు. "ఎవరీయన?"

"తెలియదు సార్. చాన్నాళ్ళుగా ఆ కెమెరాలో ఈయనే వస్తా ఉండాడు. ఎవరో పెద్దాయన అనుకుని..." అందామె.

కారాయన నింపాదిగా కాలు మీద కాలు వేసుకున్నాడు. మాస్టారు కొత్త కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగాడు.

"ఈ మొహం యాడో చూసినట్టుండాదే..."

నా తువ్వాలు లోపల చెమట కాలువ కట్టింది.

"మీరు చూసుంటారు మాస్టారూ," అన్నాడు ఎస్సై మెల్లగా. "కింద గుండ్రంలో ఉండేది మీరే గదా? మస్తానయ్య మాస్టారు, అభిమాని."

మాస్టారు లేచి తెర దగ్గరికి పోయి ఆ గుండ్రాన్ని చూశాడు.

"నేనా?" అన్నాడు మాస్టారు.

"అంటే కెమెరాకు అడ్డం కట్టించినోళ్ళల్లో మీరూ ఉండారు. ఎందుకు కట్టించినారు? లైటు దాటేదానికేనా?"

"చూసినారా సార్! పిల్లకాయలకు నీతులు చెప్పే మనిషి!" అన్నాడు కారాయన.

మాస్టారి ఎడమ చెయ్యి విజిలు ఉన్న జేబు మీదికి పోయింది. దాన్ని తీయలేదు. జేబును అలా నొక్కి పట్టుకున్నాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. ఆ చెయ్యిని చూశాక కాకరకాయలూ తోక ముక్కలూ సిద్ధాంతాలూ అన్నీ నా కళ్ళముందు దూదిపింజల్లా ఎగిరిపోయాయి.

లేచి నిలబడి తువ్వాలు విప్పాను. ఏం చేయాలో తోచక, రెండు చేతులూ జోడించాను.

ఎస్సై నా వంక చూశాడు. తెర వంక చూశాడు. మళ్ళీ నా వంక చూశాడు. అదే మొహం, అవే జోడించిన చేతులు. పళ్ళు మాత్రం కనిపించడం లేదు.

"పన్ను నొప్పన్నావే?" అన్నాడు ఎస్సై.

"లేదు సార్. నోటి దూల."

అంతా చెప్పేశాను. కాజాల డబ్బా, కాకరకాయ, శీను కళ్ళద్దాలు, ఖాళీ గుండ్రం. "ఈయనకు ఏమీ తెలీదు సార్. ఈయన ఆ కింద రోజూ ఆగినాడు గానీ ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. ఆగే మనిషికి కెమెరా మూయాల్సిన అవసరం ఏముండాది? ఆగనోణ్ణి నేను."

"బాగానే ఉండాది" అన్నాడు కారాయన. "ఈయన కట్టినాడు, ఒప్పుకున్నాడు. దాంతో ముసలాయనకు పచ్చ లైటు పడిందని తేలిందా? వీడియోలో ఏముండాది, ఈయన పళ్ళు తప్ప?"

అదీ నిజమే. నేను నిజం చెప్పినా మాస్టారు గట్టున పడలేదు. సాక్షి కంటికి నేను కట్టిన గంత అలాగే ఉంది.

అప్పుడు ఆ కంప్యూటరు ముందరి అమ్మాయి కేకేసింది. "సార్, సార్! నోరు తెరుస్తా ఉండాడు!"

అందరం తెర వంక తిరిగాం. నా ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ వీడియో తన మానాన తాను నడుస్తూనే ఉంది. తెర మీద నా బుగ్గలు ఉబ్బుతున్నాయి. సముద్రపు గాలి తిరిగిన వేళ అది. పెదవుల దగ్గర శీను పెట్టిన కోత మెల్లగా పైకి లేచింది. నా నోరు బార్లా తెరుచుకుంది. లోపల, తాంబూలం వేసుకున్నట్టు ఎర్రగా, పోర్టు రోడ్డు సిగ్నలు!

నోరు మూసుకుంది.

"ఉండు, ఉండు, ఆపబాకు" అన్నాడు ఎస్సై, కుర్చీలోంచి లేచి.

గాలి ఇంకోసారి కొట్టింది. నోరు మళ్ళీ తెరుచుకుంది. ఎర్ర లైటు ఎర్రగానే ఉంది. నా పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య నుంచి, దాని కిందుగా, తెల్ల కారు ఒకటి వెనక నంబరుతో సహా దర్జాగా దూరిపోయింది. నోరు మూసుకుంది, కారును మింగేసి.

"కారుకు ఎర్ర లైటంటే, అడ్డరోడ్డులో మాస్టారికి పచ్చ లైటే" అన్నాడు ఎస్సై. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవాలని చూశాడు. ఒక్క చేత్తో కుదరలేదు. నేను తీసుకుని తుడిచి పెట్టాను.

కారాయన కాలు మీది కాలు దించాడు. "అయితే ఏంది సార్? ఆ ఫ్లెక్సీ ఉండాది, కెమెరాకు కనపడదు అని ఊరంతా అట్నే పోతా ఉండారు. నేనొక్కణ్ణేనా?"

ఎస్సై ఆయనకు ఏం చెప్పాడో నేను వినలేదు. ఆ మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. ఊరంతా అట్నే పోతా ఉండారు. ఎవరి నీడన? చల్లని నీడ! హుండీకి మూత వేశాననుకుని మురిసిపోయాను గానీ, నేను వేసింది కాపలావాడి కంటికి గంత. సైకిళ్ళ మీద బడికి పోయే పిల్లకాయలు రోజూ దాటే కూడలి అది. దెబ్బ ఒక చెయ్యితో పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ అమ్మయ్య అనే నిట్టూర్పు నా కడుపులోంచి వస్తుంది.

బయటికొచ్చాం. మెట్ల మీద మాస్టారు ఆగాడు. నేను రెండు మెట్లు కింద నిలబడ్డాను, తలొంచుకుని. తిడతాడు, కొడతాడు, ఇకమీదట గడప తొక్కొద్దంటాడు అనుకున్నాను.

"పెంచలయ్యా."

"అన్నా."

"అభిమాని అని వేసినావు, సరే. బొమ్మ మరీ బొట్టుబిళ్ళంత వేసినావేందిరా?"

అని, కట్టు కట్టిన చెయ్యి నొప్పెడుతున్నా లెక్కచేయకుండా, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వేసరికి నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం ఆ మెట్ల మీద కూర్చుని, ఒకరు నవ్వుతూ ఒకరు ఏడుస్తూ ఉంటే, లోపల్నుంచి కానిస్టేబులొచ్చి మంచినీళ్ళిచ్చి పోయాడు.

కేసు కారాయన మీదికి తిరిగింది, బడివాళ్ళు మాస్టారిని మళ్ళీ రమ్మన్నారు. ఫ్లెక్సీని జనమంతా చూస్తుండగా నేనే విప్పాను. అపరాధ రుసుము కట్టాను. అది నాకు శిక్షగా అనిపించలేదు. అసలు శిక్ష మాస్టారు వేశాడు: ఆయన చెయ్యి బాగయ్యేదాకా బడి వదిలే వేళకు కూడలిలో నిలబడి, పిల్లకాయలను దాటించాలి. విజిలు ఆయనదే, ఊపిరి నాది. ఆయన టీ కొట్టు బల్ల మీద కూర్చుని "వీపు నిటారుగా!" అని అరిచేవాడు. నిన్నటిదాకా నాకు దణ్ణాలు పెట్టిన ఆటోవాళ్ళే ఇప్పుడు నేను చెయ్యెత్తితే ఆగి, "ఏందన్నా, నీడ తీసేసి నువ్వే ఎండలోకి వచ్చినావు?" అనేవాళ్ళు.

పసుపు లైటు అర్జీ కూడా రాశాం. ఆయన ఎడమ చేత్తో సంతకం పెట్టాడు, నేను వంచిన తలతో పెట్టాను. వాళ్ళు వచ్చి చూసి, నిజంగానే తక్కువగా ఉందని ఒప్పుకుని పెంచారు. ఇప్పుడు పసుపు లైట్లో తీరిగ్గా తుమ్మి, ముక్కు తుడుచుకుని, చిరంజీవ అనిపించుకునేంత వ్యవధి ఉంది. కెమెరా హుండీనా, కాపలాదారా అన్న వాదన టీ కొట్టులో ఇంకా తెగలేదు. నన్ను అడిగితే, లైటు సరిగ్గా పెట్టని చోట హుండీయే, సరిగ్గా పెట్టిన చోట కాపలాయే అంటాను. నన్ను ఎవరూ అడగడం లేదు.

అత్తగారింట్లో మొన్న చేపల పులుసు. నడుం ముక్క మాస్టారి పళ్ళెంలో పడింది. ఆయన దాన్ని తీసి నా పళ్ళెంలో వేశాడు. నేను తిరిగి ఆయనకు వేశాను. ఇద్దరం అలా వేసుకుంటూ ఉంటే ముక్క విరిగి ముల్లు మిగిలింది. "మీకు తోక ముక్కే సరి" అని మా అత్తగారు ఇద్దరికీ తోకలే వేసింది. ఇంత రుచిగల తోక నేనెప్పుడూ తినలేదు.

కాబట్టి, ఈ రచన చదువుతున్న మీ అందరి ఎదుట, కాకరకాయ సాక్షిగా, పసుపు లైటు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నా మొహాన్ని నా భుజాల మీద తప్ప ఇంకెక్కడా కట్టను. ఎవరి కంటికీ అడ్డం పెట్టను. నా బొమ్మ పెద్దదిగా వేయించే పని ఏదైనా ఉంటే, అది దండ వేసే రోజున నా పిల్లలు చూసుకుంటారు. వాళ్ళకూ చెప్పిపెట్టాను: కూడలికి దూరంగా కట్టండి, పక్కన మస్తానయ్య పెదనాన్న బొమ్మ వేయొద్దు, నోటి దగ్గర మాత్రం మర్చిపోకుండా ఒక కోత పెట్టించండి. నేను బతికినన్నాళ్ళలో నా నోటివెంట గాలి తోడు లేకుండా నిజం వచ్చింది తక్కువ.